పట్టుపురుగుల ఊళ్లో దోమల పాప

నా ఉద్యోగం గురించి నలుగురిలో చెప్పడం మా అమ్మకు చేతనయ్యేది కాదు. తొంభైల మొదట్లో హిందూపురంలో మా వీధిలో ఆడపిల్లకు ఉద్యోగమంటే టీచరు, నర్సు, తప్పితే బ్యాంకు. "మా పాప పెనుకొండలో రీసెర్చి చేస్తాంది" అని మొదలుపెట్టేది. దేనిమీద అంటే "జ్వరాల మీద" అనేది. ఇంకా గుచ్చి అడిగితే కాఫీ పెడతానని వంటింట్లోకి పోయేది. దోమ అనే మాట మాత్రం ఆమె నోట వచ్చేది కాదు.

నాయన అట్లా కాదు. చింతపండు మండీలో గుమాస్తా ఆయన. మండీకి వచ్చిన రైతునల్లా ఆపి, "మా బిడ్డ దోమలు పడుతుందప్పా, దానికి జీతమిచ్చి మరీ పట్టిస్తాండారు" అని గొప్పగా చెప్పేవాడు. వాళ్లు నవ్వితే వాళ్లకంటే గట్టిగా తనే నవ్వేవాడు.

ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదివిన నాకు కప్పల మీద పని చేయాలని ఉండేది. కప్పలకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. పెనుకొండలో మలేరియా మీద పరిశోధనకు చిన్న కేంద్రం పెడుతున్నారని తెలిసి ఇంటర్వ్యూకి పోయాను. "దోమకు ఎన్ని కాళ్లు?" అన్నారు. "ఆరు" అన్నాను. "రోజూ తెల్లారకముందే లేవగలవా?" అన్నారు. "లేస్తాను" అన్నాను. ఆ రెండో జవాబుకే నిన్ను తీసుకున్నామని మా సారు తర్వాత చెప్పారు.

కేంద్రమంటే కోటగోడ దగ్గర ఒక అద్దె ఇల్లు. ముందు గదిలో మైక్రోస్కోపులు, వెనక గదిలో దోమల పంజరాలు. సారుది గోదావరి పక్క ఊరు. పెనుకొండ ఎండకూ రాగిసంగటికీ ఆయన ఏనాడూ అలవాటు పడలేదు గానీ, దోమల దగ్గర మాత్రం అలుపన్నది ఎరగరు. "అమ్మాయ్, గోడమీద ఎలా కూర్చుందో చూడు. వీపు గోడకు సమాంతరంగా ఉంటే మనది కాదు. తల గోడకు ఆనించి, తోక పైకెత్తి, మేకు దిగ్గొట్టినట్టు ఏటవాలుగా కూర్చుందా, అదీ మన అమ్మగారు!" అనేవారు. మలేరియాను మోసేది ఆడదోమే కాబట్టి దాన్ని ఆయన ఎప్పుడూ అమ్మగారనే పిలిచేవారు.

మలేరియాను తెచ్చే క్రిమి మామూలు కంటికి కనపడదు. దాని బతుకు సగం మనిషి నెత్తురులో, సగం దోమ కడుపులో. ఇద్దరిలో ఎవరు దొరక్కపోయినా దానికి గడవదు. మనుషుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు, దోమల సంగతి మాది. పొద్దు పొడిచే వేళకు టార్చిలైటూ, నోటితో పీల్చే గాజు గొట్టమూ పట్టుకుని పశువుల కొట్టాల్లో దూరేవాళ్లం. గొట్టం కొస దోమ దగ్గర పెట్టి మెల్లగా పీలిస్తే అది లోపలికి వచ్చేస్తుంది. మధ్యలో పలచటి గుడ్డ ఉంటుంది కాబట్టి నోట్లోకి రాదు. ఆ గుడ్డమీద నాకు నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది.

"ఏం పాపా, మా ఇంటి దోమలు బాగుండాయా?" అని పలకరించేవాళ్లు ఊళ్లలో అవ్వలు.

"బాగుండాయవ్వా. నీ నెత్తురు తాగి బలిసినాయి" అంటే బోసినోళ్లతో పడీపడీ నవ్వేవాళ్లు.

ఆ మరుసటి వానాకాలంలో ఒక ఊరినుంచి జ్వరాలని కబురొచ్చింది. పెనుకొండకూ హిందూపురానికీ మధ్య, బస్సు దిగి కొంతదూరం లోపలికి నడవాల్సిన ఊరు. చుట్టూ మల్బరీ తోటలు. ఇంటింటా పట్టుపురుగులు పెంచి, గూళ్లను హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోతారు. ఇళ్లల్లో దోమల మందు కొట్టడానికి పోయినవాళ్లను ఊరు ఊరంతా గడపలకడ్డం నిలబడి వెనక్కి పంపేసిందట. సారు నన్ను పిలిచారు. "నువ్వు ఈ పక్కదానివే కదా, వెళ్లి మాట్లాడు. గొడవ పెట్టుకోకు. ఎందుకు వద్దంటున్నారో కనుక్కురా, చాలు."

ఊళ్లో మొదటి ఇంటి ముందు ఒకామె ఆకు తట్ట దించుకుంటోంది. నలభై దాటిన మనిషి, చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి ఉంది. అక్కా అని పిలిచి, ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అని అడిగాను.

"ఉండాది. మూడో జ్వరం. నిన్న పొద్దున్నుంచి ఏమీ ముట్టకుండా పడుకోనుండాయి."

పిల్లలేమోననుకున్నాను. "ఎంతమందికక్కా?"

"యాడ లెక్కపెట్టేది పాపా, ఇంటినిండా ఉండాయి."

"అందరికీ ఒకేసారి వచ్చిందా?"

"ఒకేసారి రాకపోతే ఎట్ల? ముందొకటీ ఎనకొకటీ పండుకుంటే నాకు చాకిరీ కాదా?"

"మరి మందేమైనా ఇచ్చినారా?"

"మందేంటికి? పైన సున్నం చల్లినాము."

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆమెకు విషయం అర్థమై తట్ట వదిలేసి కూలబడి నవ్వింది. పట్టుపురుగు చర్మం వదిలే ముందు మేత మానేసి కదలకుండా ఉండిపోతుంది. నాలుగుసార్లు అట్లా జరుగుతుంది. దాన్నే వాళ్లు జ్వరం అంటారు. పుస్తకాల్లో నేను చదివిన పేరు వేరు.

"మనుషుల జ్వరం గురించి అడుగుతుండానక్కా" అన్నాను సిగ్గుపడుతూ.

"మనుషులకా? మా ఇంటాయనకు దినం మార్చి దినం చలిజ్వరం. అదో, ఆడ పండుకోనుండాడు చూడు" అంది, ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు. వసారాలో నులకమంచం మీద కంబడి కింద ఒక మనిషి వణుకుతున్నాడు. ఆయనకు ముందు మాత్రలిప్పించే ఏర్పాటు చేశాను. ఆ తర్వాత మందు కొట్టడం మాట ఎత్తాను.

"నీకు తెలీదా పాపా? దోమ చచ్చే మందుకు పట్టుపురుగు చావదా? ఊళ్లో ఎవురైనా దోమల చుట్ట ముట్టించినా మాకు గుండె గుబేలంటుంది. మీరు పురుగుల్ని చంపేవాళ్లు. మేము పురుగుల్ని సాకేవాళ్లం. మీకూ మాకూ ఎట్ల పొసుగుతుంది?"

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. పురుగుల గది చూపించమంటే కాళ్లు కడుక్కోమంది, తలలో పూలు తీసెయ్యమంది, పౌడరు పూసుకున్నావా అని మొహం వాసన చూసింది. అప్పటికి గాని లోపలికి రానివ్వలేదు. తలుపుకీ కిటికీలకీ సన్నటి నైలాను వల బిగించి ఉంది. ఊజి ఈగ అని ఒకటుంది. పట్టుపురుగు మీద గుడ్డు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చింది పురుగు లోపల దూరి దాన్నే తిని బతుకుతుంది. ఆ ఈగ రాకుండా ఆ వల. పురుగులు వల లోపల చల్లగా పడుకుంటే, ఇంటిల్లిపాదీ చోటు చాలక వసారాలో దోమల మధ్య పడుకునేవాళ్లు.

అది చూసి నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అదే వలతో మనుషులకూ దోమతెరలు కుట్టిస్తే? ఊరినిండా ఆ వల గుడ్డ ఉంది, కుట్టుమిషన్లున్నాయి, మందు అవసరమే లేదు. ఆ ముక్కొకటి తెచ్చి సంచి కుట్టి, పంజరంలో దోమల్ని అందులోకి వదిలాను. సారుకి చూపిద్దామని పిలుచుకొచ్చేలోగా సంచి ఖాళీ. ఈగ పట్టని కంత దోమకు ఊరి వాకిలంత ఉంది. ఆ రోజు మా కేంద్రంలో అందరం చేతులతో కొట్టుకుంటూ పని చేశాం. సారు మెడ గోక్కుంటూ, "ప్రయోగం అయితే విజయవంతమే అమ్మాయ్, ఫలితమొక్కటే ఎదురు తిరిగింది" అన్నారు.

మందు వద్దంటే మిగిలింది ఒకటే దారి. దోమ ఎక్కడ పుడుతుందో కనిపెట్టి అక్కడే ఆపాలి. ఊరి పక్కన పారే వంకలో నీటిమడుగులు వెతికాం. పాడుబడ్డ బావుల్లో తాడుకు చెంబు కట్టి దించాం. దోమపిల్లలు దొరికాయి గానీ, అన్ని జ్వరాలకు సరిపోయేటంత లేవు. చూడకుండా మిగిలినవి మల్బరీ తోటలే. తోటల్లోకి మాత్రం మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. మా చేతులకో బట్టలకో మందు అంటుకుని ఉంటుందని, అది ఆకుమీద పడితే పంటంతా పోతుందని భయం.

ఈలోగా నాకే జ్వరమొచ్చింది.

మధ్యాహ్నం మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉండగా పళ్లు టకటకమన్నాయి. ఎండపూట ఈ చలేంటని ఆశ్చర్యపోయే రకం కాదు నేను, విషయం వెంటనే తెలిసిపోయింది. పెనుకొండ ఆసుపత్రిలో రక్తం తీసి గాజుపలక మీద పూశారు. ల్యాబులో ఉన్నాయన, "మేడమ్, మీరే చూసుకుంటారా?" అన్నాడు. కంబడి కప్పుకునే వంగి చూశాను. ఎర్రటి కణాల లోపల మలేరియా క్రిములు రాయి పొదిగిన ఉంగరాల్లాగా ఉన్నాయి. వేరేవాళ్ల నెత్తుటిలో ఎన్నిసార్లు చూశానో. నా నెత్తుటిలో చూసుకుంటే భయం వేయాలి కదా, నాకేమో "ఎంత బాగా వచ్చింది స్లైడు!" అనిపించింది. ఆ మాట పైకే అన్నానట. ల్యాబాయన జ్వరం తలకెక్కిందనుకుని డాక్టరుని పిలుచుకొచ్చాడు.

హిందూపురంలో మా ఇంట్లో పడుకున్నాను. చేదు మాత్రలు, వాటితో ఒళ్లంతా దురద. అమ్మ గంజి తాగిస్తూ, "పోనీ ఆ కప్పల పనే చూసుకోకూడదా?" అంది. నాయన మండీలో ఏం చెప్పుకున్నాడో గానీ రోజుకొకరు చూడ్డానికి వచ్చేవాళ్లు.

ఒకరోజు తలుపు దగ్గర ఆ ఊరి అక్క కనబడింది. మార్కెట్టులో గూళ్లు వేసి, మా వీధి కనుక్కుంటూ వచ్చింది. మూటలో ఉడకబెట్టిన చెనిక్కాయలు తెచ్చింది. మంచం పక్కన కూర్చుని నా నుదురు పట్టుకు చూసి, మా అమ్మతో అంది. "చూడమ్మా, మందు కొట్టేదానికొచ్చిన పాపను మా ఊరి దోమే కుట్టి పంపించింది. మాకెంత అవమానం?"

"మీ ఊళ్లోనే కుట్టిందని ఏం తెలుసక్కా?" అన్నాను.

"ఇంగ యాడ కుడుతుంది? మా వసారాలోనే గదా పొద్దు మునిగినా కూసుంటాండావు." కాసేపు చెనిక్కాయలు ఒలిచి నా చేతిలో పెట్టింది. మా అమ్మను తన ఊరికి రమ్మంది, ఆకుకూరలు పంపిస్తానంది. పోయేముందు నావైపు తిరిగింది. "లేచినాక మా తోటకు రా. నువ్వొక్కదానివే రా. ఉతికిన చీర కట్టుకోని రా."

ఒళ్లు కుదుటపడ్డాక పోయాను. మల్బరీ మొక్కలు నా భుజాలదాకా ఉన్నాయి. వాటిని తప్పుకుంటూ పోతే తోట మధ్యలో రాతితో కట్టిన పెద్ద నీళ్లతొట్టి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి, వచ్చినప్పుడల్లా బోరు నీళ్లు ఆ తొట్టిలో నింపుకుని, తర్వాత కాలవలకు వదులుకుంటారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. తెల్లటి గరిటెతో ముంచి ఎండకు పట్టాను. మామూలు దోమపిల్లలు నీళ్లలో తలకిందులుగా వేలాడతాయి. ఇవి నీటి పైపొరకు అతుక్కుని గడ్డిపోచల్లా అడ్డంగా తేలుతున్నాయి. ఇంకోచోట ముంచాను. అక్కడా అవే. తొట్టి నాలుగు పక్కలా అవే.

"ఏముండాయి?" అంది అక్క.

"మీ ఇంటాయన జ్వరం ఉండాదక్కా" అన్నాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. దోమపిల్లల్ని సీసాలో పోసుకుని పెనుకొండ బస్సెక్కాను.

మర్నాడు సారు వచ్చారు. ఆయనకూ పూలూ పౌడరూ పరీక్ష జరిగింది. జేబులో ముక్కుపొడి డబ్బా దొరికితే తోట బయటే పెట్టించింది అక్క. పొగాకు వాసన కూడా పురుగులకు పడదట. సారు తొట్టిలోకి చూసి, "అమ్మగారి పుట్టిల్లు" అన్నారు మెల్లగా. ఊళ్లో బోరు ఉన్న ప్రతి తోటలోనూ అట్లాంటి తొట్టే. నీళ్లలో మందు కలపడానికి లేదు, ఆ నీళ్లే ఆకుకు పోతాయి. అందుకని చేపలు వేద్దామన్నాం. వేలెడంత కూడా లేని గంబూసియా చేపలు, దోమపిల్లల్ని కరకరా తింటాయి. ధర్మవరంలో ఒక పాతబావిలో వాటిని పెంచుతున్నారు.

ధర్మవరం పోయి ప్లాస్టిక్ క్యాన్లలో చేపలు నింపి, నీళ్లు తొణకకుండా మూతలు గట్టిగా బిగించి ప్యాసింజరు రైలెక్కాను. పెనుకొండలో దిగి మూత తీస్తే చేపలన్నీ తెల్లగా వెల్లకిలా తేలాయి. గాలి లేక చచ్చిపోయాయి. చేపలకు గాలి కావాలన్న సంగతి ఎమ్మెస్సీలో చదివే ఉంటాను.

రెండోసారి వెడల్పు మూతి బిందెల్లో తెచ్చాను. పైన తడిగుడ్డ కప్పి, కాళ్లమధ్య పెట్టుకుని రైలుపెట్టెలో కింద కూర్చున్నాను. రైలు కుదిపినప్పుడల్లా చీర తడుస్తోంది. పక్కన కూర్చున్నామె గుడ్డ ఎత్తి చూసింది.

"కిలో ఎంతమ్మా?"

"అమ్మేవి కాదమ్మా. ఇవి దోమల్ని తింటాయి."

"దోమల్ని తినే చేపల్ని ఎవురు తింటారు?"

"ఎవురూ తినరు."

"మరెందుకు మోస్తాండావు?" అంది జాలిగా. పెనుకొండ వచ్చేదాకా ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను. దిగేటప్పుడు ఆమే ఒక బిందె అందించింది.

అక్క తొట్టిలో మొదట వదిలాం. నీళ్లు పోయే గొట్టానికి చేపలు కొట్టుకుపోకుండా పాత చీర ముక్క కట్టింది అక్క. మరుసటి వారం పోయి గరిటె ముంచితే గడ్డిపోచలు దాదాపు లేవు. ఒక్కొక్క తోటవాళ్లూ పిలవడం మొదలుపెట్టారు. ఒకాయన తొట్టిమీద లకుముకి పిట్ట వాలి చేపల్ని ఏరుకుతింటోందని, దానికీ ఏదన్నా రీసెర్చి చెయ్యమని నాతో పోట్లాడాడు.

చేపల వల్లే జ్వరాలు తగ్గాయని చెప్పాలంటే, చేపలు వెయ్యని ఊరు ఒకటి పోలికకు ఉండాలి. అట్లాంటి తోటలే ఉన్న పక్క ఊరిని ఎంచుకున్నాం. అక్కడ జ్వరమొచ్చిన వాళ్లకు మాత్రలన్నీ అందేటట్టు చూశాం గానీ, తొట్ల జోలికి పోలేదు, ఆ ఊరికి చేపలివ్వొద్దని అక్క ఊళ్లో అందరికీ చెప్పాం. ఒక వానాకాలం చూసి, తేడా కనబడితే వాళ్లకూ చేపలిద్దామని సారు అనుకున్నారు. ఆ రెండు ఊళ్ల లెక్క చూపిస్తే మా కేంద్రానికి పేరొస్తుంది.

వానలు పడ్డాయి. అక్క ఊళ్లో చలిజ్వరాలు బాగా తగ్గాయి. సారు సంతోషంగా పోలిక ఊరికి పంపారు. అక్కడ కూడా తగ్గాయి. సారు నా లెక్కలు రెండుసార్లు చూశారు, నా మొహం మూడోసారి చూశారు. ఇద్దరం కలిసి ఆ ఊరి తోటలకు పోయి తొట్టిలో గరిటె ముంచాం. గరిటెలో గంబూసియా చేప ఒకటి మావైపు చూస్తోంది.

"ఇదెక్కడిదయ్యా?" అన్నారు సారు తోటాయనతో.

"మా అత్త ఇచ్చింది సార్."

ఆ అత్త మా అక్కే. కూతురిని ఆ ఊరికే ఇచ్చింది. వానలకు ముందు పుట్టింటికి వచ్చిన కూతురు తిరిగిపోతుంటే పసుపూ కుంకుమా, రవికెగుడ్డా, వాటితోబాటు కడవలో చేపలూ పంపింది. కూతురి తొట్టిలో అవి పిల్లలు పెడితే ఇరుగుపొరుగు చెంబులతో పట్టుకుపోయారు.

సారు గట్టుమీద తలపట్టుకు కూర్చున్నారు. అక్కడినుంచి తిన్నగా అక్క ఇంటికి పోయాం. "ఎంత పని చేశావమ్మా! ఆ ఊరికి ఇవ్వొద్దని చెప్పాం కదా!" అన్నారు ఆయన. అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

అక్క తడబడలేదు. "మీరు ఊరికియ్యొద్దన్నారు సార్. నేను నా బిడ్డకిచ్చినాను. అప్పుడు దానికి మూడోనెల. జ్వరమొస్తే మీ లెక్క కోసం కంబడి కప్పుకోని వణకమని చెప్పమంటారా?"

సారు వసారాలో కూర్చున్నారు. మజ్జిగిస్తే తాగారు. పెనుకొండకు తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. "ఏం చేస్తాం అమ్మాయ్. ప్రయోగం చెడింది, రెండూళ్లూ బాగుపడ్డాయి. ఎవరిమీద కోప్పడను?"

మా వ్యాసం అచ్చయింది, అనుకున్నంత పెద్దది కాదు, చిన్నది. దాన్ని ఒక సభలో చదవడానికి నన్నే పంపారు. పెద్ద పెద్దవాళ్ల ముందు మాట్లాడటం అదే మొదలు. ఒకాయన లేచి, పోలిక ఊరు ఎందుకు విఫలమైందో వివరించమన్నాడు. తయారుచేసుకున్న జవాబు మర్చిపోయాను. "ఆ రెండూళ్ల మధ్య పెళ్లి సంబంధాలున్నాయి సార్" అన్నాను. హాలు హాలంతా నవ్వింది. అడిగినాయన మాత్రం నవ్వకుండా, కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు.

జ్వరాలు పూర్తిగా పోలేదు. కరువొచ్చిన ఏడాది తొట్లు ఎండి చేపలు చచ్చేవి, మళ్లీ బిందెలు మోసేదాన్ని. అక్క మనవరాలిని ఎత్తుకుని చూపించిన రోజు మాత్రం బిందె దించి చాలాసేపు కూర్చున్నాను. ఆ పిల్ల నా గాజు గొట్టం లాక్కుని నోట్లో పెట్టుకుంది.

రెండువేల సంవత్సరం దాటాక పెళ్లయి ధర్మవరం వచ్చేశాను. ఆయనది రైల్వేలో ఉద్యోగం. నా పని కూడా అక్కడికే మారింది. ధర్మవరం దోమ వేరే రకం, అది టౌను మనిషి. మిద్దెలమీద మూతల్లేని నీళ్లట్యాంకుల్లో కాపురం. కింద మగ్గాలు టకటకలాడుతుంటే నేను పొద్దున్నే మిద్దెలెక్కుతాను. మొన్న ఒక నేతగాడింటి మిద్దె మీద ట్యాంకులోకి వంగి గరిటె ముంచి చూస్తుంటే, ఆయన భార్య రంగు ఆరని పట్టుదారాలు తీగమీద సర్దుతూ, "ఏం కనపడతాండాయి మేడమ్?" అంది.

"రా, చూపిస్తా" అన్నాను. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నా పక్కనే వంగి గరిటెలోకి చూసింది.